ఆయిల్ ఫిల్టర్ ఏ కంపెనీది కొనాలి, బిగించాక ఏం చూసుకోవాలి

మా ఇంట్లో కారు ఆయిల్ నేనే మారుస్తానని చుట్టాల్లో తెలిసినప్పటి నుంచి ఫోన్లు ఆగడం లేదు. మిర్యాలగూడ నుంచి బావ, దేవరకొండ నుంచి చిన్నాయన, జడ్చర్లలో పనిచేసే దోస్తు, అందరిదీ ఒకటే ప్రశ్న. "ఫిల్టర్ ఏ కంపెనీది మంచిది?" షాపు ముందు నిలబడి ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని అడుగుతారు. ఒక పేరు చెప్పేస్తే వాళ్ల పని అయిపోతుంది, కానీ ఆ డబ్బా లోపల ఉన్నది నిజంగా ఆ కంపెనీదేనా అన్నది నాకు ఫోన్లో కనబడదు కదా. అందుకే అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ఇకమీదట ఎవరు అడిగినా ఇదే పంపిస్తా.

ముందుగా ఒక మాట. మీ కారు ఇంకా వారంటీలో ఉంటే ఇదంతా మీకు అక్కర్లేదు, షోరూంలోనే చేయించి బిల్లు దాచుకోండి. వంద రూపాయలు మిగిల్చుకోబోయి రేపు ఇంజన్ క్లెయిమ్ దగ్గర గొడవ తెచ్చుకోవద్దు. వారంటీ దాటిన బండి, సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి ఉన్నవాళ్లకే ఈ వివరాలు. మీరే మార్చుకున్నా సరే, మెకానిక్ దగ్గర నిలబడి మార్పించినా సరే.

కావలసినవి

మీ కారుకు సరిపోయే ఫిల్టర్, మాన్యువల్‌లో రాసిన గ్రేడు ఆయిల్, డ్రెయిన్ బోల్టుకు (ఇంజన్ అడుగున పాత ఆయిల్ దించే బోల్టు) కొత్త వాషర్, ఆ బోల్టుకు పట్టే స్పానర్ (చాలా చిన్న కార్లకు 14 లేదా 17 నంబరు), ఫిల్టర్ విప్పే పాన, ఐదారు లీటర్లు పట్టే వెడల్పు టబ్బు, గరాటు, నాలుగు గుడ్డ పీలికలు, చేతి గ్లౌజులు, టార్చిలైటు.

బండి కిందికి దూరాలి కాబట్టి ర్యాంపు కూడా కావాలి. ఇటుకలు, బండరాళ్లు పేర్చి వాటి మీదికి కారు ఎక్కించే పని మాత్రం వద్దు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కిందికి దూరడం అంతకంటే ప్రమాదం. మన ఊళ్లలో దీనికి సులువైన దారి ఒకటుంది. కార్లు కడిగే వాటర్ సర్వీసింగ్ షెడ్లలో ర్యాంపు ఉంటుంది, పొద్దున్నే రద్దీ లేనప్పుడు వెళ్లి కాస్త డబ్బులిస్తే అరగంట వాడుకోనిస్తారు. నేను చేసేది అదే.

1. బ్రాండు కంటే ముందు నంబరు పట్టుకోండి

"స్విఫ్ట్‌కు ఫిల్టర్ ఇవ్వు" అని అడగడమే మొదటి తప్పు. ఒకే పేరుతో పెట్రోలు ఉంది, డీజిల్ ఉంది, మధ్యలో ఇంజన్ మారిన మోడళ్లు ఉన్నాయి. పాత ఫిల్టర్ మీద, లేదా షోరూం బిల్లు మీద పార్టు నంబరు ఉంటుంది, ముందు దాన్ని ఫోటో తీసుకోండి. మారుతి ఆయిల్ ఫిల్టర్ నంబరు 16510తో మొదలవుతుంది, హ్యుందాయ్, కియాలవి 26300తో, హోండాది 15400తో, టయోటా డబ్బా రకం ఫిల్టర్లు ఎక్కువగా 90915తో. ఆ వెనకాల ఉండే అంకెలే అసలు సంగతి, మొదటి ఐదు చూసి సంబరపడకండి. చివరి అంకె మాత్రమే మారితే అదే పార్టుకు కొత్త నంబరు వచ్చి ఉండొచ్చు, షాపాయనను కంప్యూటర్‌లో మీ మోడల్, సంవత్సరం కొట్టి చూడమనండి.

వేరే కంపెనీ ఫిల్టర్ కొంటుంటే ఆ కంపెనీ కేటలాగ్‌లో మీ కారు, ఇంజన్, సంవత్సరం మూడూ కలవాలి. "మరలు ఎక్కుతున్నయి కదా, సరిపోతది తీస్కపో" అంటే నమ్మొద్దు. 20 ఎంఎం మర ఉన్న ఫిల్టర్లున్నాయి, ముప్పావు ఇంచి మర ఉన్నవీ ఉన్నాయి. ముప్పావు ఇంచి అంటే 19 ఎంఎం చిల్లర. తేడా ఒక మిల్లీమీటరు కూడా లేదు. పెద్ద మర ఫిల్టర్ చిన్న మర గొట్టం మీద ఎక్కినట్టే ఉంటుంది, బిగిసినట్టు కూడా అనిపిస్తుంది, ఇంజన్‌లో ఆయిల్ ప్రెషర్ లేచాక హైవే మీద ఊడుతుంది. అప్పుడు పోయేది ఫిల్టర్ కాదు, ఇంజన్.

ఇంకో సంగతి, అన్ని ఫిల్టర్లూ ఇనుప డబ్బాలు కావు. పాత 1.3 డీజిల్ స్విఫ్ట్, డిజైర్ లాంటి వాటిలో లోపలి కాగితం ముక్క మాత్రమే మారుస్తారు, పైన మూత అలాగే ఉంటుంది. వాటికి ప్యాకెట్‌లో కొత్త రబ్బరు రింగు వస్తుంది. మూతకు పాత రింగే ఉంచేసి కొత్తది చెత్తబుట్టలో వేసే మహానుభావులను చూశాను. ఆ రింగు తప్పకుండా మార్చాలి, మూత ప్లాస్టిక్‌దైతే దాని మీద ఎంత బిగించాలో రాసి ఉంటుంది, అంతకు మించి బిగిస్తే పగులుతుంది.

2. ఇప్పుడు బ్రాండు

నా లెక్క ఇది. మొదటి ఎంపిక కారు కంపెనీ సొంత ప్యాకింగ్‌లో వచ్చేది. చిన్న పెట్రోలు కార్లకు అది అంత ఖరీదు కూడా కాదు, ఆయిల్ డబ్బాకు వెయ్యికి పైన పెట్టి ఫిల్టర్ దగ్గర యాభై రూపాయలు బేరమాడటంలో అర్థం లేదు. అది దొరక్కపోతే బాష్, మాన్, మాహ్లే, ప్యూరోలేటర్, ఎలోఫిక్, వీటిలో మీ కారు ఫిల్టర్ నంబరుకు సరిపోయేది ఏదైనా ఫరవాలేదు. కారు కంపెనీలు చాలావరకు ఫిల్టర్లు సొంతంగా తయారు చేయవు, ఇలాంటి ఫిల్టర్ల కంపెనీల దగ్గరే చేయించుకుంటాయి. ఎలోఫిక్ ఫరీదాబాద్ కంపెనీ, "ఇండియాదా, అయితే వద్దులే" అనాల్సిన పని లేదు. ఫ్లీట్‌గార్డ్ పేరు లారీలు, ట్రాక్టర్లు, బోరు బండ్లు నడిపే వాళ్లందరికీ తెలుసు, పెద్ద ఇంజన్లలో దానికి మంచి పేరే, కానీ మీ చిన్న కారుకు దానిలో నంబరు ఉందో లేదో చూసుకోవాలి.

యూట్యూబ్‌లో ఫిల్టర్లు కోసి చూపించే అమెరికా వీడియోలు చూసి నాకు పంపించేవాళ్లు చాలామంది. సరదాకి చూడండి, కానీ దాన్ని పట్టుకుని నల్గొండలో షాపుకు పోవద్దు. పేరు ఒకటే అయినా అక్కడి సరుకు వేరు, ఇక్కడిది వేరు. ప్యూరోలేటర్‌నే తీసుకోండి. అమెరికాలో అది మాన్ హుమెల్ గ్రూపుది. మన దేశంలో ఆ పేరుతో ఫిల్టర్లు చేసింది ఆనంద్ గ్రూపు, మాహ్లే కలిసి. అక్కడ కోసిన డబ్బా బాగుందనో బాలేదనో ఇక్కడి డబ్బా గురించి చెప్పలేం.

పేరు లేని లోకల్ మాల్ మాత్రం ఎంత చవకగా వచ్చినా వద్దు. మొహమాటం లేకుండా చెప్తున్నా.

నిజానికి నా అనుభవంలో మంచి బ్రాండ్ల మధ్య తేడా కంటే టైముకు మార్చడం, మార్చకపోవడం మధ్య తేడానే ఎక్కువ. ఖరీదైన ఫిల్టర్ వేసి ఇరవై వేల కిలోమీటర్లు తిప్పిన బండి కంటే మామూలు కంపెనీ ఫిల్టర్‌ను పదివేలకు మార్చిన బండి ఎన్నో రెట్లు నయం.

3. డూప్లికేట్‌ను పట్టడం

ఇక్కడే ఎక్కువ మోసపోతున్నాం కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. రెండేళ్ల కింద నేనే ఒక చిన్న షాపులో కొన్నాను. డబ్బా చూస్తే ఒరిజినల్, రంగు అదే, అక్షరాలు అవే. ఇంటికొచ్చి పాతదాని పక్కన పెడితే కొత్తది చేతికి తేలికగా అనిపించింది, లోపలి కాగితం మడతలు ఒకవైపు దగ్గరగా, ఒకవైపు దూరంగా ఉన్నాయి. తీసుకుపోయి ఇస్తే మారు మాట లేకుండా వెనక్కి తీసుకున్నాడు. అంటే ఆయనకూ తెలుసు.

షాపులోనే నిలబడి ఇవి చూడండి.

అట్టడబ్బా మీద పార్టు నంబరు, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం, తయారు చేసినవాళ్ల చిరునామా ఉండాలి. పార్టు నంబరు తప్ప మిగతావి చట్టం ప్రకారం ఉండాల్సినవే. క్యూఆర్ కోడ్ గానీ హాలోగ్రామ్ గానీ ఉంటే ఫోన్‌తో స్కాన్ చేయండి, అది కంపెనీ పేజీకి పోతుందా, ఎక్కడికీ పోదా చూడండి. డబ్బా మీది నంబరు, లోపలి ఫిల్టర్ మీద ముద్రించిన నంబరు ఒకటే ఉండాలి. వేలితో రుద్దితే అక్షరాలు ఊడితే పక్కన పెట్టేయండి.

తర్వాత ఫిల్టర్‌ను తిరగేసి టార్చి వేసి చూడండి. మధ్యలో మరలున్న పెద్ద బొక్క, చుట్టూ చిన్న బొక్కలు. ఆ చిన్న బొక్కల వెనక రబ్బరు పొర ఒకటి ఉంటుంది. బండి ఆపినప్పుడు ఫిల్టర్‌లోని ఆయిల్ కిందికి కారిపోకుండా ఆపేది అదే. పిన్నీసుతో కాదు, ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా నొక్కితే మెత్తగా లోపలికి పోయి మళ్లీ వెనక్కి రావాలి. గట్టిగా ఎండిపోయినట్టుంటే వద్దు. రబ్బరు నల్లగా ఉన్నా, ఎర్రగా, నారింజ రంగులో ఉన్నా కంగారు పడకండి, నల్లది మామూలు నైట్రైల్ రబ్బరు, రంగుది ఎక్కువగా సిలికాన్. మీ కారులో ఫిల్టర్ అడ్డంగానో తలకిందులుగానో బిగించి ఉంటే ఈ రబ్బరు పని ఇంకా ఎక్కువ.

మరల్లో ఇనుప రజను ఉండకూడదు, మూతి చుట్టూ ఉన్న రబ్బరు రింగు గాడిలో సమంగా కూర్చోవాలి, డబ్బాకు సొట్టలు ఉండకూడదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల ఏదో గలగలలాడితే తీసుకోవద్దు.

ఎక్కడ కొనాలి అంటే, కంపెనీ సొంత విడిభాగాల కౌంటర్ దొరికితే అక్కడ, లేకపోతే బిల్లు ఇచ్చే షాపులో. బిల్లు అడిగితే మొహం మాడ్చుకునే షాపులో మీరు కొనాల్సింది ఏమీ లేదు. హైదరాబాద్ పనిమీద పోయేవాళ్లు పుత్లీబౌలి వైపు పోతే రకరకాలవి దొరుకుతాయి, కానీ అక్కడా అసలూ నకిలీ పక్కపక్కనే ఉంటాయి, కళ్లు తెరిచి కొనండి. నకిలీ అంటగట్టి వెనక్కి తీసుకోనంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు, బిల్లు మాత్రం దగ్గర ఉంచుకోండి సుమా.

4. పాత ఆయిల్ దించడం

ఇంజన్‌ను ఐదు నిమిషాలు తిప్పి ఆపి, పది నిమిషాలు ఆగండి. గోరువెచ్చగా ఉంటే ఆయిల్ బాగా దిగుతుంది. సూర్యాపేట నుంచి అప్పుడే వచ్చిన బండి కిందికి దూరి బోల్టు విప్పితే మాత్రం చేయి కాలుతుంది. మేలో మన ఎండలకు బండి తిప్పకుండానే ఆయిల్ సగం వేడెక్కి ఉంటుంది.

హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డం పెట్టి, పైన ఆయిల్ పోసే మూత వదులు చేసి, కింద టబ్బు పెట్టి బోల్టు విప్పండి. ఆయిల్ మొదట దూరంగా చిమ్ముతుంది, తర్వాత దగ్గరికి వస్తుంది, టబ్బు దాన్ని బట్టి జరపండి. పదిహేను నిమిషాలు దిగనివ్వండి. బోల్టుకు కొత్త వాషర్ వేసి, చేత్తో మరలు సాఫీగా ఎక్కించి, తర్వాతే స్పానర్ పెట్టండి. అల్యూమినియం చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఉన్న బండికి మొత్తం బలం పెడితే మరలు పోతాయి, అప్పుడు చాంబరే మార్చాల్సి రావచ్చు.

5. పాత ఫిల్టర్ తీసేటప్పుడు ఒక్కటి మరవొద్దు

పాత ఫిల్టర్ తీయగానే దాని మూతి మీద రబ్బరు రింగు ఉందా చూడండి. లేకపోతే అది ఇంజన్‌కే అంటుకుని ఉంది. దాన్ని గీకి తీయకుండా కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. నిలబెట్టి చూస్తే కారదు, పది కిలోమీటర్లు పోయాక ప్రెషర్‌కు పక్కకు జారి ఆయిల్ మొత్తం కక్కేస్తుంది. ఇది నాకు జరిగింది, నల్గొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డు మీద. డ్యాష్‌బోర్డులో ఆయిల్ లైటు వెలగగానే ఆపాను కాబట్టి ఇంజన్ బతికింది. వెనక్కి తిరిగి చూస్తే రోడ్డు మీద నల్లటి గీత. తప్పు ఎవరిదీ కాదు, తొందరలో చూసుకోని నాదే.

రింగు తీశాక ఆ చోటును పొడి గుడ్డతో శుభ్రంగా తుడవండి. గుడ్డ పోగులు లోపల పడనీయొద్దు.

6. కొత్తది బిగించడం

కొత్త ఫిల్టర్ రింగుకు వేలితో కొత్త ఆయిల్ కొంచెం రాయండి. పొడి రింగు బిగించేటప్పుడు మెలిపడుతుంది. ఫిల్టర్ మూతి పైకి ఉండేలా కూర్చునే బండ్లలో సగం వరకు ఆయిల్ పోసి బిగించొచ్చు, అడ్డంగా కూర్చునే వాటిలో పోస్తే మీ చొక్కా మీదే పడుతుంది, ఆ ప్రయత్నం వదిలేయండి.

చేత్తోనే తిప్పుతూ పోండి. రింగు ఇంజన్‌ను తాకినట్టు తెలిశాక ఇంకో ముప్పావు చుట్టు. ఫిల్టర్ మీదో అట్టడబ్బా మీదో ఎంత తిప్పాలో బొమ్మ వేసి ఉంటుంది, అదే పాటించండి. బిగించడానికి పాన వాడొద్దు, పాన ఉన్నది విప్పడానికి. చేతికి ఆయిల్ అంటి జారుతుంటే గుడ్డతో పట్టుకుని తిప్పండి. కొందరు మెకానిక్‌లు "ఊడితే నాకు చెడ్డపేరొస్తది" అని పానతో బిర్రుగా బిగిస్తారు, తర్వాతి సర్వీసింగ్‌లో స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పితే తప్ప రాదు. మీరు దగ్గర నిలబడి "అన్నా, చేత్తో చాలు" అనండి, కోపమొస్తే రానీయండి.

7. ఆయిల్ పోసి పరీక్షించడం

మాన్యువల్‌లో రాసిన దానికంటే పావు లీటరు తక్కువ పోసి మొదలుపెట్టండి. చిన్న పెట్రోలు కార్లకు సాధారణంగా మూడు, మూడున్నర లీటర్లు పడుతుంది. నాలుగు లీటర్ల డబ్బా కొన్నాం కదా అని మొత్తం వంచేసేవాళ్లున్నారు, ఎక్కువైన ఆయిల్ కూడా నురగ కట్టి, సీళ్ల దగ్గర లీకై ఇంజన్‌కు కీడే చేస్తుంది.

ఇప్పుడు స్టార్ట్ చేయండి, ఎక్సలేటర్ ముట్టొద్దు. ఆయిల్ లైటు కొద్ది సెకన్లలోనే ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపి, ఫిల్టర్, ఆయిల్ లెవల్ మళ్లీ చూడండి. ఆరిపోతే రెండు నిమిషాలు తిరగనిచ్చి, టార్చి వేసి ఫిల్టర్ చుట్టూ, డ్రెయిన్ బోల్టు చుట్టూ చూడండి. తడి ఉంటే తుడిచి మళ్లీ చూడండి, ముందు పడిన చుక్కా, కొత్తగా కారుతున్న చుక్కా తుడిస్తేనే తెలుస్తుంది. బండి ఆపి, సమంగా ఉన్న నేల మీద ఐదు నిమిషాలు ఆగి ఆయిల్ లెవల్ చూసే గేజు తీయండి. రెండు గీతల మధ్య, పై గీతకు దగ్గరగా ఉండాలి. తక్కువుంటే కొంచెం కొంచెంగా పోయండి.

ఆ రాత్రి బండి కింద అట్టముక్క పరచండి. పొద్దున్నే దాని మీద చుక్క లేకపోతే టెన్షన్ సగం తగ్గినట్టే. వంద కిలోమీటర్లు, అంటే నల్గొండ నుంచి దాదాపు హైదరాబాద్ దాకా పోయాక మళ్లీ గేజు చూడండి.

ఫిల్టర్ మంచిదో కాదో తర్వాతి రోజుల్లో చెవితో కూడా తెలుస్తుంది. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు టకటకమని శబ్దం చేసి తర్వాత సర్దుకుంటే, పాత ఫిల్టర్‌తో ఆ శబ్దం లేకుంటే, లోపలి రబ్బరు పొర ఆయిల్‌ను ఆపడం లేదేమో అని అనుమానించండి. ఫిల్టర్ మార్చి చూడటం చవకైన పని.

మళ్లీ మళ్లీ అడిగేవి

డీజిల్ బండిలో కొత్త ఆయిల్ రెండు రోజులకే నల్లబడింది, ఫిల్టర్ పనిచేయడం లేదా? పనిచేస్తోంది. డీజిల్ మసి చాలా సన్నగా ఉంటుంది, ఈ కాగితం ఫిల్టర్ దాన్ని మొత్తం పట్టలేదు. రంగు చూసి ఫిల్టర్‌ను తిట్టొద్దు.

ఎన్ని కిలోమీటర్లకు? చాలా పెట్రోలు కార్లకు పదివేలు లేదా ఏడాది, ఏది ముందైతే అది, మీ మాన్యువల్‌దే ఆఖరి మాట. దుమ్ము రోడ్లలో ఎక్కువ తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది, ఎవరూ చదవరు. మిర్యాలగూడలో రైసుమిల్లుల దగ్గర ఊక దుమ్ములో, వాడపల్లి వైపు సిమెంటు లారీల వెనక, అచ్చంపేట దగ్గర చేలబాటల్లో తిరిగే బండి ఆ లెక్కలోకే వస్తుంది. ఇలాంటి బండికి ఆయిల్ ఫిల్టర్ బ్రాండు గురించి గంటసేపు ఆలోచించేవాళ్లు ఒక నిమిషం ఎయిర్ ఫిల్టర్ విప్పి చూడండి. దుమ్ము ఇంజన్‌లోకి వచ్చేది గాలితోనే, అక్కడ ఆపకపోతే ఆయిల్ ఫిల్టర్ ఎంతని మోస్తుంది?

ఆయిల్ మార్చి ఫిల్టర్ పాతదే ఉంచొచ్చా? వద్దు. పాత ఫిల్టర్‌లో పాత ఆయిల్ ఉంటుంది, కొత్త ఆయిల్‌లో కలుస్తుంది. పెట్రోలుతో కడిగి మళ్లీ వాడటం అసలే వద్దు, కాగితం చెడిపోతుంది.

పెద్ద సైజు ఫిల్టర్ వేస్తే ఎక్కువ చెత్త పడుతుందట కదా? మీ బండికి చెప్పిన నంబరే వేయండి. ఫిల్టర్ మూసుకుపోతే ఆయిల్‌ను పక్కదారిలో పంపే వాల్వు ఒకటి లోపల ఉంటుంది, అది ఎంత ప్రెషర్‌కు తెరుచుకోవాలన్నది ఇంజన్‌ను బట్టి పెడతారు, సైజు చూసి మార్చుకునేది కాదు.

పాత ఆయిల్‌ను ఏం చేయాలి? మోరీలో పోయొద్దు, చేనుగట్టు మీద పోయొద్దు. ఊళ్లో చాలామంది చెదలు పట్టకుండా దర్వాజలకు, దడి కర్రలకు పూస్తామని అడిగి తీసుకుపోతారు, కానీ అది ఒంటికి అంటడం మంచిది కాదు, పశువుల కొట్టంలో అయితే అసలే వద్దు. ఖాళీ అయిన ఆయిల్ డబ్బాలోనే నింపి మూత పెట్టి, పాత ఆయిల్ పోగుచేసే పెద్ద సర్వీసింగ్ సెంటర్‌లో ఇచ్చేయండి. పాత ఫిల్టర్‌ను ఒక రాత్రంతా బోర్లించి కారనిచ్చి, అదీ వాళ్లకే ఇవ్వండి.

చివరగా, కొత్త ఫిల్టర్ అట్టడబ్బా మీద నంబరున్న ముక్కను కత్తిరించి, మార్చిన తేదీ, కిలోమీటర్లు పెన్నుతో రాసి మాన్యువల్‌లో పెట్టండి. వచ్చే ఏడాది షాపు ముందు నిలబడి నాకు ఫోన్ చేయకుండా ఆ ముక్కే షాపాయనకు చూపించండి.